తీగ మీద ఉత్తమ వినియోగదారుడు

ఏప్రిల్ నెల మొదటి సోమవారం, ఉదయం పది గంటల ఏడు నిమిషాలకు, తూర్పుకనుమల విద్యుత్ పంపిణీ సంస్థలో పద్నాలుగు వేల రెండు వందల ఆరుగురి ఫోన్లలోంచి పచ్చ బొత్తాం మాయమైంది.

ఆ బొత్తాం తెర అడుగున, బొటనవేలికి అందేచోట ఉండేది. నొక్కితే ఫోన్ వెళ్లేది. అంతకుమించి దానికి ఏ ప్రత్యేకతా లేదు.

సంస్థ తన ఉద్యోగుల ఫోన్ల కోసం సొంతంగా తయారు చేయించుకున్న సాఫ్ట్‌వేర్ పేరు 'ప్రసన్న'. ఆ ఉదయం ప్రసన్న ఆరు పోయి ప్రసన్న ఏడు వచ్చింది. ఇందులో పచ్చ బొత్తానికి బదులు ఒక తామరమొగ్గ ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో విప్పితే నాలుగు రేకులు కనబడతాయి. మొదటి రేకులో సంస్థ ఆశయాలు, రెండో రేకులో అనుమతులు, మూడో రేకులో మేనేజింగ్ డైరెక్టర్ గారి సందేశం. ఇవి చూశాక నాలుగో రేకు తెరుచుకుంటుంది. ఫోన్ చేసుకోవడం అందులో.

'ప్రసన్న ఏడుపై మీ అమూల్యమైన స్పందన తెలుపగలరు' అని సంస్థ అందరినీ అడిగింది. ఇలాంటివి అడగడం ఆనవాయితీ. ఎవరూ జవాబివ్వకపోవడం కూడా ఆనవాయితీయే. ఈసారి మాత్రం సాయంత్రం ఐదింటికల్లా అందరూ ఇచ్చేశారు.

'పచ్చ బొత్తాం ఏది?' అని తొమ్మిది వేల మంది అడిగారు. అక్షరాలు చీమల్లా ఉన్నాయని కొందరు, బ్యాటరీ మధ్యాహ్నం భోజనం దాకా కూడా ఆగడం లేదని కొందరు రాశారు. ఒక సీనియర్ అకౌంటెంట్ ప్రసన్న ఏడు తల్లిదండ్రుల గురించి వివరంగా రాశాడు. మొత్తమ్మీద ఎనిమిది మంది మెచ్చుకున్నారు. వాళ్లలో ఒకాయన మాట ఇది: 'మా ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తడానికి వీలు కావడం లేదు. చాలా బాగుంది.'

మర్నాడు ప్రధాన కార్యాలయంలో అత్యవసర సమావేశం జరిగింది. డిజిటల్ సంతృప్తి విభాగం జనరల్ మేనేజర్ కీర్తివర్ధన్ లేచి నిలబడ్డాడు. నలభై రెండేళ్లవాడు. జీవితంలో ఒక్కసారి కూడా స్తంభం ఎక్కలేదు. కానీ స్తంభాల మీద మూడు ప్రెజెంటేషన్లు ఇచ్చి, మూడు జ్ఞాపికలు తీసుకున్నాడు.

"సార్, సమస్య సాఫ్ట్‌వేర్‌లో లేదు," అన్నాడు. "మనవాళ్లు ప్రసన్న ఏడుకి ప్రసన్న ఆరు కాలం నాటి స్పందనలు ఇస్తున్నారు. ఫోన్లు అప్‌డేట్ అయ్యాయి. మొహాలు కాలేదు."

ఎండీ గారు ఆలోచనలో పడ్డారు. ఆయనకు ఏ విషయమైనా ఒక వాక్యంలో చెబితే ఇష్టం. ఇది నాలుగు వాక్యాలైనా చిన్నవి.

"మొహాలు అప్‌డేట్ చెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"పదిహేను రోజులు సార్."

పదమూడో రోజునే సర్క్యులర్ వచ్చింది.

'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఫోన్ తెరచు ప్రతి సందర్భమునందును ముందు కెమెరా వినియోగదారుని ముఖమును పరిశీలించి సంతృప్తి శాతమును నమోదు చేయును. డెబ్బది శాతమునకు తక్కువైనచో ఫోన్ తెరుచుకొనదు. వరుసగా పదిహేను దినములు తక్కువైనచో సదరు ఉద్యోగిని విధుల నుండి తప్పించి, ప్రధాన కార్యాలయమందలి ఆనంద పునశ్చరణ శిబిరమునకు పంపుదురు. శిబిర కాలపరిమితి: సంతృప్తి కలుగు వరకు.'

*

పల్నాడు చివర, రాళ్లమడుగు సెక్షన్ ఆఫీసులో ఆ సర్క్యులర్‌ను అసిస్టెంట్ ఇంజనీర్ నీలవేణి పైకి చదివింది. ఎదురుగా లైన్‌మన్ మేకల ఏసుపాదం నిలబడి విన్నాడు.

ఏసుపాదానికి యాభై ఎనిమిదేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. పదకొండేళ్ల క్రితం అతను స్తంభం మీద ఉండగా, లైను మీద ఎవరూ లేరనుకుని ఎవరో కరెంటు ఇచ్చారు. ప్రాణం దక్కింది గానీ ముఖంలో ఎడమ సగం చచ్చుబడిపోయింది. అప్పట్నుంచి అతను నవ్వితే కుడి చెంప పైకి లేస్తుంది, ఎడమ చెంప చూస్తూ ఊరుకుంటుంది.

"డెబ్బై అంటే ఎట్టమ్మా?" అన్నాడు. "నాకున్నదే సగం మొహం. అంతా నవ్వినా యాభై దాటదు గదా."

యాభై కూడా రాలేదు. కెమెరా ముందు అతను చేతనైనంత నవ్వితే ముప్ఫై ఒకటి వచ్చింది. కింద ఎర్రటి అక్షరాలు పడ్డాయి: 'ఎడమ చెంప సహకరించుట లేదు. పై అధికారిని సంప్రదించండి.'

పై అధికారి నీలవేణి. ఆమె తన ఫోన్ తెరిచి వాళ్ల పై అధికారిని సంప్రదించబోయింది. ఆమెకు ఆ పూట అరవై నాలుగు వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు ఆ లైనులో కరెంటు ఆపించి అనుమతి తీసుకోవాలి. దాన్ని ఎల్సీ అంటారు. పూర్వం లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి వెళ్లి ఎర్ర అట్ట రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. ఆపరేటర్ లోపల ప్యానెల్ మీద ఆ లైను పెద్ద స్విచ్చి, బ్రేకర్, ఆపేవాడు. లైన్‌మన్ బయటికొచ్చి, గేటు పక్కన లైను మొదట్లో ఉన్న ఏబీ స్విచ్చి పిడి కిందికి లాగితే, పైన మూడు ఇనుప చేతులు విడిపోయి గాలిలో నిలిచేవి. ఆ పిడికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని స్తంభం ఎక్కేవాడు. తాళంచెవి అతని జేబులో ఉన్నంతసేపు, లోపల ఎవరు ఏం నొక్కినా కరెంటు ఆ మూడు చేతులు దాటి రాదు.

ప్రసన్న ఆరు వచ్చాక ఎల్సీ ఫోన్లోకి మారింది. అడగడం ఫోన్లో, ఇవ్వడం ఫోన్లో. రిజిస్టరును ఆపరేటర్ మస్తాన్‌వలి టీ గ్లాసుల కింద పెట్టుకున్నాడు. ఏసుపాదం ఒక్కడే, ఫోన్లో ఎల్సీ తీసుకున్నాక కూడా, మోపెడ్ మీద వెళ్లి తాళం వేసి వచ్చేవాడు. తాళం వెయ్యకుండా ఎక్కింది ఒక్కసారే, పదకొండేళ్ల క్రితం. మిగతా సెక్షన్ల వాళ్లు అతన్ని 'బీరువా' అని పిలిచేవాళ్లు. వాళ్ల మొహాలు రెండు వైపులా బాగానే ఉన్నాయి.

ఇప్పుడు ఫోన్ తెరుచుకోదు. ఫోన్ లేకపోతే ఎల్సీ లేదు. ఎల్సీ లేకుండా ఎక్కడానికి లేదు. పదిహేను రోజులు గడిస్తే శిబిరం. అక్కడ సంతృప్తి కలిగే వరకు ఉండాలి. ఏసుపాదానికి ఈ జన్మలో కలగదు.

"నాలుగు వేల స్తంభాలు నాకు పేరు పేరునా తెలుసు," అన్నాడు ఏసుపాదం. "రిటైరయ్యేదాకా ఎక్కనిస్తే చాలు. నన్ను నగరం తీసకపోయి గదిలో కూర్చోబెట్టి నవ్వమంటే సచ్చిపోతానమ్మా."

అతను ఊరికే అన్న మాట కాదని నీలవేణికి తెలుసు. ప్రమాదం జరిగాక ఆర్నెల్లు ఆఫీసులో కాగితాలు కుట్టే పని ఇస్తే, అతను తిండి మానేశాడు.

*

పన్నెండు రోజులు ప్రయత్నాలు జరిగాయి. మస్తాన్‌వలి బాగా నవ్వగలడు. ఏ అధికారి వచ్చినా కాఫీ అడిగే లోపే నవ్వడం అలవాటు కాబట్టి అతనికి ఎప్పుడూ డెబ్బై నాలుగు వచ్చేది. అతను ఏసుపాదానికి శిక్షణ ఇచ్చాడు.

"బాబాయ్, మీ వియ్యంకుడు బురదలో జారిపడ్డాడనుకో."

"పోయినేడు పడ్డాడుగా. నేనే లేపా."

"లేపకముందు ఏమనిపిచ్చింది, అది తలుచుకో."

ముప్ఫై మూడు వచ్చింది. ఎడమ చెంపకు ప్లాస్టరు వేసి చెవికి లాగి కట్టారు. పన్నెండుకు పడిపోయింది. కింద 'మీరు బాధలో ఉన్నట్లు గుర్తించడమైనది. బాధ మానండి' అని వచ్చింది.

పదమూడో రోజు మధ్యాహ్నం సబ్‌స్టేషన్లో ముగ్గురూ దిగాలుగా కూర్చున్నారు. గోడకు పట్టాభి ఎరువుల దుకాణం వాళ్ల క్యాలెండర్ వేలాడుతోంది. దాని మీద ఆరు నెలల పసివాడి బొమ్మ. పళ్లు లేని నోరు చెవుల దాకా తెరిచి నవ్వుతున్నాడు.

మస్తాన్‌వలి దాన్ని అలవాటుగా రోజూ చూస్తాడు. ఆ రోజు అలవాటు లేకుండా చూశాడు.

"మేడం," అన్నాడు మెల్లగా. "ఫోన్లో మొహం మార్చుకోటానికి ఏదో దరఖాస్తు ఉందన్నారు గదా?"

ఉంది, రెండో రేకులో. కింది ఉద్యోగి తరఫున పై అధికారి తన ఫోన్లోంచి పెట్టాలి. 'ముఖ మార్పునకు కారణము' అన్నచోట నాలుగు కారణాలు ఇచ్చారు: గడ్డం తీయుట, కళ్లజోడు మార్చుట, వివాహము, ఇతరములు. ఇతరములు ఎంచుకుంటే పది పేజీల వివరణ రాయాలి.

"గడ్డం తీయుట పెట్టండి," అన్నాడు మస్తాన్‌వలి. "పిల్లోడికి గడ్డం లేదు గదా. అబద్ధం కూడా కాదు."

"నా ఉద్యోగం పోతుంది, వలీ," అంది నీలవేణి.

"ఆయన్ని శిబిరానికి పంపితే మన సెక్షన్ కూడా పోద్ది మేడం. ఆ లైన్లన్నీ ఎవురికి తెలుసు?"

ఏసుపాదం చేతిలో తాళంచెవిని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నీలవేణి ఒక నిమిషం ఆ చేతిని చూసింది. తర్వాత క్యాలెండర్ను గోడ మీంచి దించింది.

కెమెరా పసివాణ్ని చూసింది. 'కళ్లు ఆర్పండి' అంది. మస్తాన్‌వలి క్యాలెండర్ను కాస్త ఊపాడు. ఆర్పినట్టే లెక్క వేసుకుంది.

సంతృప్తి: నూరు శాతం.

అప్పట్నుంచి ఏసుపాదం చొక్కా కుడి జేబులో తాళంచెవి, ఎడమ జేబులో నాలుగు మడతలు పెట్టిన పసివాడు ఉండేవి. స్తంభం దగ్గర ఆగి, బొమ్మ తీసి ఫోన్‌కు చూపించి, ఎల్సీ తీసుకుని, తాళం వేసి వచ్చి ఎక్కేవాడు. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి.

*

సంస్థలో అందరి సంతృప్తి డెబ్బై, డెబ్బై ఒకటి దగ్గర ఆయాసపడుతోంది. ఎక్కువమంది రోజూ ఉదయం అద్దం ముందు సాధన చేసి, పది దాటాక నీరసపడిపోతున్నారు. ఒక్కడికి మాత్రం రెండు వందల పన్నెండు సార్లు ఫోన్ తెరిస్తే రెండు వందల పన్నెండు సార్లూ నూరు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో నూరు. గాలివానకు ఏడు స్తంభాలు కూలిన రోజున కూడా నూరే.

కీర్తివర్ధన్ ఆ పట్టికను ఎండీ గారికి చూపించాడు. "క్షేత్రస్థాయి సిబ్బంది నిరుత్సాహంగా ఉన్నారన్న అపవాదుకు ఇదే మన సమాధానం సార్."

మూడో రోజు నీలవేణి ఫోన్ మోగింది. ఆమె విన్నది విన్నట్టుగా మిగతా ఇద్దరికీ చెప్పింది.

"ఇరవై రెండో తారీఖు ఎండీ గారు వస్తున్నారట. ఏసుపాదం గారికి ఉత్తమ వినియోగదారుడిగా సన్మానం. అందరి ముందూ ఆయన ఫోన్ తెరిచి చూపించాలట."

ఏసుపాదం జేబులోని పసివాణ్ని తడిమి చూసుకున్నాడు.

"జొరం వచ్చిందని సెలవు పెడతా," అన్నాడు ఏసుపాదం.

"నూరు శాతం సంతృప్తి ఉన్నోడికి జొరం ఎందుకొస్తది బాబాయ్?" అన్నాడు మస్తాన్‌వలి. "డాక్టర్నేసుకుని వస్తారు."

"నేనే చెప్పేస్తాను," అంది నీలవేణి. "వాళ్లు దిగగానే నిజం చెప్పేస్తా. ఏమవుతుందో కానీ."

ఆమె నిజం చెప్పడానికి సిద్ధపడింది గానీ, ఎదుటివాళ్లు వినడానికి సిద్ధంగా ఉంటారో లేదో ఆలోచించలేదు.

*

ఇరవై రెండో తారీఖు ఉదయం ఊరి బయట రోడ్డు పక్కన షామియానా వేశారు. ప్రధాన కార్యాలయం నుంచి లారీలో ఒక ఫ్లెక్సీ వచ్చింది. వెడల్పు ఇరవై అడుగులు, ఎత్తు ముప్ఫై. కర్రల చట్రానికి బిగించి, రోడ్డు వెంట వెళ్లే పదకొండు వేల వోల్టుల లైను పక్కనే నిలబెట్టారు. లైనుకు అంత దగ్గర వద్దని నీలవేణి రెండుసార్లు చెప్పింది. అక్కడైతేనే కార్లోంచి కనబడుతుందన్నారు.

ఫ్లెక్సీ నిండా పసివాడు. పళ్లు లేని నోరే ఎనిమిది అడుగులుంది. కింద ఇలా రాసి ఉంది: 'మా సంతృప్తికి నిలువెత్తు రూపం - శ్రీ మేకల ఏసుపాదం, లైన్‌మన్. సర్వీసు: ముప్ఫై ఒక్క ఏళ్లు.'

ప్రధాన కార్యాలయంలో ఈ ఫ్లెక్సీ ఏడు బల్లలు దాటి వచ్చింది. ఏడుచోట్లా సరిచూశారు. ఇంటి పేరులో ఒక అక్షరం తప్పుంటే దిద్దారు కూడా.

నీలవేణి కీర్తివర్ధన్‌కు ఎదురెళ్లింది. "సార్, ఆ ఫొటో విషయం మీకొకటి చెప్పాలి..."

"చాలా బాగా వచ్చింది కదమ్మా."

"అది ఏసుపాదం గారు కాదు సార్. ఏసుపాదం గారు ఈయన."

కీర్తివర్ధన్ ఏసుపాదాన్ని కింద నుంచి పైకి చూశాడు. చేతిలోని ట్యాబ్‌ను చూశాడు. కెమెరా ఎత్తి అతని మొహం ముందు పెట్టాడు. ముప్ఫై ఒకటి వచ్చింది. 'ఈ ముఖము మన సంస్థలో లేదు' అని కూడా వచ్చింది.

"చూశారా? సిస్టంలో ఉన్న ఏసుపాదం అక్కడున్నారు," అంటూ ఫ్లెక్సీ వైపు వేలు చూపించాడు. "ఈయనెవరో నాకు తెలియదు."

"అయితే నేనెవుర్ని సార్?" అన్నాడు ఏసుపాదం.

"అది మానవ వనరుల విభాగం పరిధిలోకి వస్తుంది."

అంతలో ఎండీ గారి కారు వచ్చింది. ఆయన దిగి, ఫ్లెక్సీ చూసి ఆగారు. చాలాసేపు చూశారు. 

"ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసా?" అన్నారు ఎండీ గారు.

"అవును సార్," అన్నాడు కీర్తివర్ధన్. "సంతృప్తి వల్ల తగ్గి కనపడుతున్నారు."

ఎండీ గారు తల ఊపారు. ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. ప్రసన్న ఏడును తను కూడా ఇంకొంచెం శ్రద్ధగా వాడాలనుకున్నట్టు ఆయన మొహం చూస్తే తెలిసింది.

వేదిక మీద జ్యోతి వెలిగించారు. కీర్తివర్ధన్ మైకు అందుకున్నాడు. "ఈ శుభసందర్భంలో నేను సగర్వంగా మనవి చేసేదేమిటంటే, అసంతృప్తి అనేది ఒక సాంకేతిక లోపం మాత్రమే. ప్రసన్న ఏడు దాన్ని సమూలంగా..."

మే నెల మధ్యాహ్నపు సుడిగాలి ఒకటి పొలాల మీంచి ఎర్రమట్టి లేపుకుంటూ వచ్చింది. షామియానా ఊగింది. కర్రల చట్రం ఊగలేదు. ఒక్కసారిగా ఒరిగిపోయింది. ముప్ఫై అడుగుల పసివాడు నవ్వుతూనే వెళ్లి పదకొండు వేల వోల్టుల తీగల మీద బోర్లా పడ్డాడు. పెద్ద చప్పుడు, నీలం మెరుపు. మైకు చచ్చిపోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి.

అందరూ ఉత్తమ వినియోగదారుణ్ని చూశారు. సగం కాలిన చొక్కాతో తీగల మీద వేలాడుతున్నాడు. నవ్వు చెక్కుచెదరలేదు.

*

జనరేటర్ లేదు. విద్యుత్ సంస్థ సభలో జనరేటర్ పెడితే బాగుండదని ముందే ఉత్తర్వులు ఇచ్చారు. పది నిమిషాల్లో షామియానా కింద గాలి మండిపోసాగింది.

"ఎవరో ఒకరు ఎక్కి తియ్యండయ్యా," అన్నారు ఎండీ గారు, శాలువాతో మెడ తుడుచుకుంటూ.

"ఎల్సీ కావాలి సార్," అంది నీలవేణి. "ఫోన్ తెరవాలి."

ఏసుపాదం ఫోన్ పసివాడికి తప్ప తెరుచుకోదు. జేబులోని బొమ్మ చెమటకు తడిసి ముద్దయిపోయింది. తీగల మీదివాణ్ని చూపిస్తే 'కళ్లు ఆర్పండి' అంది. నీలవేణి తన ఫోన్ ఎత్తింది. ఇరవై రెండు. కీర్తివర్ధన్ పళ్లన్నీ బయటపెట్టాడు. నలభై ఎనిమిది. వేదిక మీద పదకొండు మంది అధికారులు వరుసగా నిలబడి ఫోన్లను చూసి నవ్వారు. ఎవరికీ యాభై దాటలేదు. చివరికి ఎండీ గారు స్వయంగా ప్రయత్నించారు. పంతొమ్మిది వచ్చింది. 'మీ మేనేజింగ్ డైరెక్టర్ గారి సందేశం వినండి, ఉత్సాహం కలుగుతుంది' అని సలహా కూడా వచ్చింది. వినాలంటే ఫోన్ తెరవాలి.

ఏసుపాదం నీలవేణి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, నేను పాతపద్ధతిలో పోతన్నా. రిజిస్టరు ఉందిగా."

"అది చెల్లదేమో, ఏసుపాదం గారూ. మీకు ఆర్డరు లేదు."

"నేను సంస్థలోనే లేనని ఇప్పుడేగా చెప్పింది. లేనోడికి ఆర్డరెందుకు?"

మోపెడ్ మీద సబ్‌స్టేషన్‌కి కిలోమీటరు. మస్తాన్‌వలి టీ గ్లాసులు పక్కకు తీసి, ఎర్ర అట్ట దుమ్ము దులిపి ముందు పెట్టాడు. ఏసుపాదం తేదీ, టైము వేసి సంతకం పెట్టాడు. బయటికెళ్లి పిడి లాగాడు. పైన మూడు చేతులు విడిపోయాయి. తాళం వేసి, తాళంచెవి కుడి జేబులో పెట్టుకున్నాడు.

"బాబాయ్, జాగర్త," అన్నాడు మస్తాన్‌వలి.

"తాళంచెవి నాకాడుందిరా."

అతను తిరిగొచ్చి, తీగల్లో మిగిలిన కరెంటును భూమిలోకి దింపే ఎర్త్ రాడ్డు తగిలించి స్తంభం ఎక్కడం షామియానాలో అందరూ చూశారు. కీర్తివర్ధన్ తప్ప. అతను ట్యాబ్ చూస్తున్నాడు. మొహం అవసరం లేని పరికరం అదొక్కటే. దాని మీద ఇలా ఉంది: 'రాళ్లమడుగు లైను: ఆగినది. ఎల్సీలు: సున్న. లైను మీద సిబ్బంది: సున్న.'

"లైను మీద ఎవరూ లేరు," అన్నాడు కీర్తివర్ధన్. "మరి ఎందుకు ఆపారు?"

ఎవరైనా జవాబు చెప్పేలోపే కారెక్కాడు. ఆ కారు సబ్‌స్టేషన్ వైపు మళ్లడం చూసి నీలవేణి అరిచింది. అది ఆగలేదు. ఆమె స్తంభం కిందికి పరుగెత్తింది.

"ఏసుపాదం గారూ! తాళంచెవి ఉందా?"

పైన తీగ మీద చెయ్యి వేసి ఉన్న ఏసుపాదం, రెండో చేత్తో జేబు తడిమి చూపించాడు.

*

మస్తాన్‌వలి బ్రేకర్ ప్యానెల్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"బాబాయ్ స్తంభం మీదున్నాడు సార్!"

"ఎల్సీ నంబరు?"

"నంబరు లేదు సార్. రిజిస్టరులో సంతకముంది."

"రిజిస్టరు సిస్టంలో లేదు."

"మడిసి ఉన్నాడు సార్ పైన!"

"సిస్టంలో ఉన్నాడా?"

మస్తాన్‌వలి జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు నవ్వలేదు. "సార్, మీ కాళ్లు పట్టుకుంటా. నొక్కమాకండి."

అతను నిజంగానే కాళ్లు పట్టుకోవడానికి వంగాడు. అదే పొరపాటు. వంగితే ప్యానెల్ ఖాళీ అయింది. కీర్తివర్ధన్ చెయ్యి చాపి నొక్కేశాడు.

బ్రేకర్ ఠక్కుమంది. ఎర్రదీపం వెలిగింది. పదకొండు వేల వోల్టులు గేటు దాకా పరుగెత్తాయి.

మస్తాన్‌వలి కిటికీ దగ్గరికి పడుతూ లేస్తూ వెళ్లాడు. గేటు పక్క స్తంభం మీద మూడు ఇనుప చేతులు విడివిడిగా గాలిలో నిలబడి ఉన్నాయి. కింద పిడికి తాళం వేలాడుతోంది. అతను కిటికీ ఊచలు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"చూశావా?" అన్నాడు కీర్తివర్ధన్, ట్యాబ్‌లో 'సరఫరా పునరుద్ధరించబడినది' అన్న పచ్చటి అక్షరాలు చూపిస్తూ. "ఏమీ కాలేదు. అనవసరపు భయాలు. దీన్నే పాత స్పందన అంటాం."

ఆ తర్వాత ఇరవై నిమిషాల పాటు రాళ్లమడుగులో కరెంటు, సిస్టం ప్రకారం, ఉంది. షామియానాలో ఎండీ గారు సన్మానపత్రంతో విసురుకుంటూ కూర్చున్నారు. కీర్తివర్ధన్ తిరిగి వచ్చి "కరెంటు వచ్చేసింది సార్" అని చెబితే, ఆయన ఆగి ఉన్న ఫ్యాన్‌ను ఒకసారి చూసి, "మంచిది" అన్నారు.

ఏసుపాదం తీగల మీంచి పసివాణ్ని ముక్కలుగా కోసి దించాడు. తనూ దిగాడు. మోపెడ్ మీద వెళ్లి బ్రేకర్ ఆపించి, తాళం తీసి, పిడి పైకి తోసి, రిజిస్టరులో 'లైను మీద ఎవరూ లేరు' అని రాసి సంతకం పెట్టాడు. అది రాసే హక్కు ఆ రోజు అతనొక్కడికే ఉంది. మస్తాన్‌వలి బ్రేకర్ వేశాడు.

షామియానాలో ఫ్యాన్లు తిరిగాయి. చల్లగాలి మొహానికి తగలగానే ఎండీ గారు కళ్లు మూసుకుని హాయిగా నవ్వారు. చేతిలో ఫోన్ దానంతట అదే తెరుచుకుంది. తొంభై ఎనిమిది శాతం. ప్రధాన కార్యాలయం దాన్ని ప్రసన్న ఏడు ఖాతాలో వేసుకుంది.

*

విచారణ మాత్రం తప్పలేదు. ఫోన్లో ఎల్సీ లేకుండా స్తంభం ఎక్కడం పెద్ద నేరం. ఉద్యోగం పోతుంది. ఏసుపాదం వారం రోజులు తిండి సరిగా తినలేదు. ఎనిమిదో రోజు నివేదిక వచ్చింది. నీలవేణి సబ్‌స్టేషన్‌కి తీసుకొచ్చి ఇద్దరికీ చదివి వినిపించింది.

'రికార్డులను కూలంకషముగా పరిశీలించగా తేలినది ఏమనగా, సంఘటన సమయమున శ్రీ మేకల ఏసుపాదం (ఫొటో జతపరచడమైనది) స్తంభము మీద లేరు. తీగల మీద ఉన్నారు. విధి నిర్వహణలో గాయపడిన సదరు ఉత్తమ వినియోగదారుని, ఒక గుర్తుతెలియని వ్యక్తి ప్రాణములకు తెగించి కిందికి దించినాడు. కావున సంస్థ ఉద్యోగులెవ్వరూ నిబంధనలను ఉల్లంఘించలేదు. సదరు గుర్తుతెలియని వ్యక్తి సెక్షనులో గత ముప్పది ఒక్క సంవత్సరములుగా పనిచేయుచున్నట్లు స్థానికులు తెలిపినారు. గుర్తుతెలియని వ్యక్తులకు ఫోన్ మంజూరు చేయుటకు నిబంధనలు అనుమతించవు. అందువలన ఇతడు రిజిస్టరునందు సంతకము చేసి, పాతపద్ధతిలో విధులు కొనసాగించవలెను.'

"మళ్లీ చదవమ్మా, ఆ చివరిది," అన్నాడు ఏసుపాదం.

ఆమె మళ్లీ చదివింది. అతను ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, ముందుకు తోశాడు.

*

జూలైలో ప్రసన్న ఎనిమిది వచ్చింది. ఉద్యోగుల సంతృప్తి సంపూర్ణమైనందున ముఖ పరిశీలన ఇక అవసరం లేదన్నారు. తామరమొగ్గను తీసేశారు. దాని స్థానంలో ఒక విప్లవాత్మకమైన కొత్త సదుపాయం పెట్టారు. తెర అడుగున, బొటనవేలికి అందేచోట, పచ్చటి బొత్తాం. నొక్కితే ఫోన్ వెళుతుంది. దీన్ని కనిపెట్టినందుకు కీర్తివర్ధన్‌కు నాలుగో జ్ఞాపిక ఇచ్చారు.

సాయంత్రం ఐదింటికల్లా పద్నాలుగు వేల స్పందనలు వచ్చాయి. 'మొగ్గ ఏది?' అని తొమ్మిది వేల మంది అడిగారు.

ఆ సాయంత్రం ఏసుపాదం ఎల్సీ కోసం వచ్చేసరికి మస్తాన్‌వలి ఫోన్‌తో కుస్తీ పడుతున్నాడు.

"ఏందిరా, మొహం అట్టా పెట్టావు?"

"ఏం చెప్పను బాబాయ్! ఇప్పుడిప్పుడే ఆ రేకులు ఇప్పటం చేతికి అలవాటైంది. మళ్లీ మార్చి సచ్చారు."

ఏసుపాదం ఎర్ర రిజిస్టరు ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. బయటికెళ్లి పిడి లాగి, మూడు చేతులూ విడిపోయాయో లేదో తలెత్తి చూసి, తాళం వేశాడు. తాళంచెవి జేబులో పడింది. లోపల్నుంచి మస్తాన్‌వలి ఫోన్‌ను తిడుతున్న మాటలు వినపడ్డాయి. వాటిలో కొన్ని అతనికే కొత్త.

ఏసుపాదం మోపెడ్ ఎక్కుతూ నవ్వాడు. కుడి చెంప లేచింది. ఎడమ చెంప కూడా కాస్త కదిలిందని కిటికీలోంచి చూసిన మస్తాన్‌వలి ఇప్పటికీ అంటాడు. కొలవడానికి అక్కడ కెమెరా లేదు.